కోడ్ ఫ్రీ.. మరి పేరు? ‘వర్డ్‌ప్రెస్’ అని ఎక్కడ రాసుకోవచ్చు, ఎక్కడ కుదరదు?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, డబ్బులకు అమ్ముకోవచ్చు కూడా. మరి దాని పేరు? అక్కడే చాలామంది పొరబడుతుంటారు. లైసెన్స్ ఇచ్చేది కోడ్‌కు. పేరు, లోగో ట్రేడ్‌మార్క్ కిందకు వస్తాయి.

వర్డ్‌ప్రెస్ సంగతే చూద్దాం. 2003లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ జీపీఎల్ లైసెన్స్‌తో అందరికీ ఉచితం. కానీ ఆ పేరు 2010లో వర్డ్‌ప్రెస్ ఫౌండేషన్ చేతికి వెళ్లింది.

ఇవి ఓకే..

‘వర్డ్‌ప్రెస్ సైట్లు తయారు చేస్తాం’, ‘వర్డ్‌ప్రెస్ నేర్పిస్తాం’, ‘వర్డ్‌ప్రెస్ కోసం మా ప్లగిన్’ అని నిక్షేపంగా రాసుకోవచ్చు. మీరు చేసే పనేంటో చెప్పాలంటే ఆ పేరు వాడక తప్పదు కదా! దీన్నే వివరణ కోసం వాడటం అంటారు. దీనికి ప్రత్యేకంగా అనుమతి అక్కర్లేదు.

ఇవి కుదరవు..

అదే పేరును మీ కంపెనీ పేరులోనో, ప్రొడక్ట్ పేరులోనో, వెబ్‌సైట్ అడ్రస్‌లోనో కలిపేస్తే మాత్రం ఫౌండేషన్ అనుమతి ఉండాల్సిందే. ‘అఫీషియల్’ అనిపించేలా రాసినా చిక్కే. కస్టమర్లకు అలవాటైపోయాక పేరు మార్చాల్సి వస్తే, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టినట్టే.

ఫైర్‌ఫాక్స్‌కూ ఇదే గొడవ!

పెద్ద ప్రాజెక్టులకూ ఈ తిప్పలు తప్పలేదు. డెబియన్ టీమ్ ఫైర్‌ఫాక్స్ కోడ్‌లో సొంత మార్పులు చేసి, లోగో లేకుండా అదే పేరుతో ఇచ్చేది. పేరు వాడాలంటే లోగో కూడా ఉండాలని, మార్పులు తమకు చూపించి ఒప్పించుకోవాలని మొజిల్లా పట్టుబట్టింది. దాంతో 2006లో డెబియన్ ఆ బ్రౌజర్‌కు ‘ఐస్‌వీజిల్’ అని పేరు మార్చేసింది. పాత పేరు తిరిగి రావడానికి 2016 దాకా పట్టింది. కోడ్ విషయంలో ఎవరూ అడ్డు చెప్పలేదు, పేచీ అంతా పేరు, లోగో దగ్గరే.

మన చట్టం ఏమంటోంది?

భారత ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999లోని సెక్షన్ 30 కూడా ఈ వెసులుబాటు ఇస్తోంది. వస్తువు లేదా సర్వీస్ ఎలాంటిదో చెప్పడానికి, ఫలానా దానికి సరిపోతుందని చెప్పడానికి పేరు వాడొచ్చు. అయితే ఆ వాడకంలో నిజాయితీ ఉండాలి, ఎవరి సరుకో అన్న విషయంలో కొనేవాళ్లు మోసపోకూడదు.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ముందు మీ సొంత పేరు పెట్టండి, ఆ తర్వాత ‘వర్డ్‌ప్రెస్ కోసం’ అని రాయండి. బోర్డు రాయించే ముందు, డొమైన్ కొనే ముందు ఆ ప్రాజెక్టు ట్రేడ్‌మార్క్ రూల్స్ ఒకసారి చదవండి. ఒక్కో ప్రాజెక్టుది ఒక్కో రూల్.