నర్సమ్మకూ మనసుంటుంది

మన సరిహద్దు పల్లెల్లో పెద్ద జబ్బు చేస్తే "రాయవేలూరికి తీసుకుపోండి" అనడం తాతల నాటి మాట. అక్కడ 1909లోనే నర్సుల శిక్షణ మొదలైంది. నయమై ఇంటికొచ్చాక డాక్టరు గారి పేరు పదిమందికీ చెబుతాం. రాత్రంతా మేలుకున్న నర్సమ్మ పేరు మాత్రం అడగం. ఆమె మనసెలా ఉంటుందో అసలే అడగం.

1946లో భోర్ కమిటీ తన నివేదికలో ఒక లెక్క చెప్పింది. అప్పటి బ్రిటిష్ ఇండియాలో డాక్టరు 6,300 మందికి ఒకరుంటే, నర్సు 43,000 మందికి ఒకరు! తగిన వసతి లేదు, పనికి వేళాపాళా లేదు. 1954లో మద్రాసు రాష్ట్ర ఆరోగ్యమంత్రి ఎ.బి. శెట్టి అధ్యక్షతన ఏర్పడిన కమిటీ నర్సుల జీతాలనూ, పని పరిస్థితులనూ పరిశీలించింది.

జీతం, గది, గంటలు సరే. మరి మనసు మాటేమిటి?

ఆ ప్రశ్న వేసినవారిలో ఇసబెల్ మెంజీస్ ఒకరు. సుమారు 700 మంది నర్సులున్న లండన్ ఆసుపత్రి ఒకదాన్ని పరిశీలించి, 1960లో ఆమె ఒక వ్యాసం ప్రకటించారు. ఆ 700 మందిలో శిక్షణ పూర్తయినవారు 150 మందే, తక్కినవారంతా విద్యార్థినులు. బాధనూ చావునూ రోజూ దగ్గరగా చూసే ఆ పిల్లల భయం పంచుకునే ఏర్పాటు అక్కడ లేదు. దానికి బదులు, ఏ రోగి మీదా మమకారం పెరగకుండా పనిని ముక్కలు చేశారు. ఒకమ్మాయి అందరికీ మందులిస్తే, మరొకరు అందరికీ పక్కలు సర్దాలి. తరచూ వార్డులు మార్చేవారు. రోగిని పేరుతో కాక మంచం నంబరుతోనో జబ్బుతోనో పిలిచేవారు. నిద్రమాత్ర వేయడానికి నిద్రపోతున్న రోగిని లేపడం కూడా ఉండేది! ఇంత చేసినా దిగులు తగ్గలేదు. మూడింట ఒక వంతు మంది శిక్షణ పూర్తికాకుండానే వెళ్లిపోయేవారు.

ఒకసారి ఆసుపత్రిలో మా అమ్మను "పన్నెండో నంబరు" అని పిలిచిన నర్సమ్మను నేను కసిరాను. ఆ రాత్రి వార్డంతటికీ ఆమె ఒక్కతే. ఈ చరిత్ర చదివాక నా మాట నాకే ముల్లులా గుచ్చుకుంది. ఆమె గుండె రాయి కాదు. రాయిగా ఉండమన్నది ఆ పని తీరు.

ఓర్పు ఉండాలని నర్సులకు చెప్పడం సులభం. తగినంతమంది సిబ్బంది, విశ్రాంతి, దిగులు చెప్పుకునే పెద్ద దిక్కు ఉంటేనే ఆ ఓర్పు నిలుస్తుంది. అవి ఇవ్వవలసింది ఆసుపత్రులు, ప్రభుత్వాలు. మనవంతుగా, ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు "నీ పేరేమిటమ్మా?" అని అడుగుదాం.