రంగుల చరిత్రయు మన మగ్గముల కర్తవ్యమును

వస్త్రముపై రంగుల బొమ్మలను క్షణములలో నెక్కించు పెద్ద యంత్రములు మన పట్టణములకు వచ్చియున్నవి. వానిని చూచి భయపడుటయు, వానికి దాసోహమనుటయు రెండును తొందరపాట్లే. రంగు నడచివచ్చిన దారిని తెలిసికొన్నచో మన కర్తవ్యము స్పష్టపడును.

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి కలదు. అచ్యుతరాయల యేలుబడిలో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు అచ్చటి వీరభద్రాలయమును వృద్ధిచేసిరి. దాని కప్పులపైని చిత్రములలో స్త్రీపురుషులు ధరించిన వస్త్రముల చారలు, గళ్లు, లతలు నేటికిని మనకు నమూనాలై యున్నవి. 1565లో తళ్లికోట యుద్ధము ముగిసిన పిమ్మట విజయనగర రాజపీఠము పెనుకొండకు వచ్చెను. రాజ్యము పోయినను లేపాక్షి లతలు ధర్మవరపు చీరెల యంచులలో నిలిచినవి.

పూర్వము నీలిమందు, చిరివేరు, లక్క, పసుపు మన రంగులు. పటికయు కరక్కాయయు వానిలో కొన్నింటిని పట్టియుంచెడివి. 1856లో ఆంగ్లేయుఁడగు పెర్కిన్ తారునుండి వచ్చు పదార్థముతో ఊదారంగును చేసెను. 1897లో జర్మనులు కృత్రిమనీలిని అంగడికి తెచ్చిరి. మన దేశమున నీలిసాగు క్షీణించెను. రంగు మారినను మగ్గము చావలేదు. ఏలయన, రంగు వేఱు, నేత వేఱు.

1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డు, డిక్సను అనువారు పాలియెస్టరు నారను కనిపెట్టిరి. 1950 దశకమున ఫ్రాన్సు దేశస్థుఁడగు నోయెల్ ద ప్లాస్, కొన్ని రంగులు ద్రవము కాకయే వేఁడికి ఆవిరియై నారలోనికి చొచ్చునని గుర్తించెను. నేటి ఆవిరి అద్దకమునకు ఇదియే మూలము.

ఈ యంత్రమును నెలకొల్పుటకు కొంత శ్రద్ధ వలయును. సిరా చిమ్ము సన్నని రంధ్రములన్నియు తెఱచియున్నవో లేవో ముందు పరీక్షింపవలయును. బొమ్మను అద్దములోవలె తిరుగవేసి కాగితముపై ముద్రింపవలయును. కాగితముపై వెలవెలబోవు రంగులు, సుమారు 200 డిగ్రీల వేఁడిలో ఒక నిమిషము లోపున గుడ్డపై నొత్తినంతట నిగ్గుతేలును. మన సీమ వేసవిగాలి మిక్కిలి పొడి. సిరా రంధ్రములలోనే యెండును. కావున గదిలో గాలితేమ నూటికి 40 మొదలు 60 వఱకుండునట్లు చూడవలయును.

అయితే ఈ విద్య పాలియెస్టరునకు తగినది. వేఁడికి ఆ నార మెత్తబడి ఆవిరిని లోనికి రానిచ్చును. పట్టు అట్లు మెత్తబడదు గనుక రంగు దానియందు నిలువదు. పడుగొక రంగు, పేక యొక రంగుగా నేసిన ధర్మవరపు చీరె, మడతమడతకు ఛాయ మార్చును. పైపై నద్దిన బొమ్మకు ఆ గుణము రాదు.

కాఁబట్టి యంత్రము మనకు శత్రువు కాదు, మోసమే శత్రువు. అద్దిన పాలియెస్టరును ధర్మవరపు పట్టని యమ్మినప్పుడు, కొనువాఁడు సొమ్మును, నేయువాఁడు కూలిని కోల్పోవుచున్నారు. కొన్ని వస్త్రములను చేతిమగ్గమునకే ప్రత్యేకించుచు 1985లో శాసనము పుట్టెను. 1993లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. ధర్మవరము పేరునకు భౌగోళిక గుర్తింపును లభించినది. కాని శాసనము తనంత తాను నడువదు, నడిపించువారు కావలయును.

సోదరులారా! మన బాలురును బాలికలును ఈ యంత్రవిద్యను నేర్చుకొందురుగాక. జెండాలు, ఆటగాండ్ర దుస్తులు మున్నగు పాలియెస్టరు సరకును ముద్రించి జీవింతురుగాక. క్రొత్త అంచును జకార్డు అట్టలకు ఎక్కింపకముందు, దాని రంగుల పొందికను గుడ్డపై నచ్చొత్తి చూచుకొందురుగాక. కాని అద్దినదానిని అద్దినదనియు, నేసినదానిని నేసినదనియు చెప్పియే విక్రయింపవలయును. ఈ నియమమును మొదట మన యంగళ్లలోనే పాటింతుము. అప్పుడే యితరుల మోసమును ప్రశ్నించు హక్కు మనకు కలుగును.