జపాన్ ఉద్యోగ సంస్కృతి: చరిత్ర, విదేశాలతో పోలిక

చదువు ముగిసిన ఏప్రిల్‌లోనే కంపెనీలో చేరి రిటైరయ్యేదాకా అక్కడే ఉండడం, వయసుతోనూ సర్వీసుతోనూ జీతం పెరగడం, వృత్తికొకటి కాకుండా కంపెనీకొక యూనియన్ ఉండడం. జపాన్ ఉద్యోగ సంస్కృతికి మూల స్తంభాలుగా చెప్పేవి ఈ మూడు. పొద్దుపోయేదాకా ఆఫీసులో కూర్చోవడం, కంపెనీ చెప్పిన ఊరికి బదిలీ మీద వెళ్ళడం, పని తర్వాత సహోద్యోగులతో కలిసి తాగే నోమికాయ్ విందులు వీటికి తోడవుతాయి. ఇదంతా సమురాయ్‌ల నాటి విధేయత నుంచి వచ్చిందనీ జపనీయుల రక్తంలోనే ఉందనీ చాలామంది నమ్ముతారు. చరిత్ర ఈ నమ్మకానికి బలమివ్వదు. ఈ ఏర్పాటులో ఎక్కువ భాగం 20వ శతాబ్దపు నడుమ దశాబ్దాల్లో రూపుదిద్దుకుంది. దాన్ని తయారుచేసినవి కార్మికుల కొరత, యుద్ధం, ఆకలి, సమ్మెలు, కోర్టు తీర్పులు.

తొలి కర్మాగారాలు

సమురాయ్‌లు ఏలిన ఎదో కాలంలో పెద్ద వర్తకుల ఇళ్ళలో పది పన్నెండేళ్ళ పిల్లవాడు దెచ్చి అనే చిన్న పనివాడిగా చేరి, గుమాస్తాగా ఎదిగి, చివరికి బాంతో అనే పెద్ద గుమాస్తా కావచ్చు. 1673లో మిత్సుయి కుటుంబం ఎదోలో (నేటి టోక్యోలో) తెరిచిన ఎచిగోయా బట్టల దుకాణం ఈ పద్ధతికి పేరుపొందింది. అయితే చేరిన పిల్లల్లో పై మెట్టుదాకా వెళ్ళేవాళ్ళు కొద్దిమందే. దీన్ని నేటి జీవితకాల ఉద్యోగానికి మూలమనడం అతిశయోక్తి.

ఆ పాలన పోయాక వచ్చిన మెయిజీ ప్రభుత్వం 1872లో ఫ్రెంచి నిపుణుడు పాల్ బ్రూనా పర్యవేక్షణలో తొమియోకా పట్టు మిల్లును ప్రారంభించింది. అక్కడ రోజుకు సుమారు 8 గంటల పని, ఆదివారం సెలవు. తర్వాత వెలసిన ప్రైవేటు మిల్లుల్లో ఆ పద్ధతి నిలవలేదు. పల్లెల్లో తండ్రుల చేతికి అడ్వాన్సు ఇచ్చి ఆడపిల్లలను తీసుకొచ్చేవారు. వారిని కంపెనీ వసతి గృహాల్లో ఉంచి రోజుకు పన్నెండు గంటలకు పైగా పనిచేయించేవారు. తానూ స్పిన్నింగు మిల్లులో పనిచేసిన హోసోయి వాకిజో ఆ అమ్మాయిల బతుకును 1925లో పుస్తకంగా రాసి, అది వెలువడిన కొద్ది వారాలకే 28 ఏళ్ళ వయసులో చనిపోయాడు. జపాన్ శ్రామిక చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్ళు మొదలుపెట్టవలసింది ఆ ఆడపిల్లల దగ్గరే.

మగ కార్మికుల తీరు వేరు. పనితనం ఉన్న లేత్ కార్మికుడు మంచి కూలి ఇచ్చే మేస్త్రీని వెతుక్కుంటూ ఒక వర్క్‌షాపు నుంచి మరో దానికి వెళ్ళిపోయేవాడు. కంపెనీ మీద విశ్వాసం అప్పట్లో ఎవరూ ఆశించింది కాదు. అతన్ని నిలుపుకోవడానికే పెద్ద కంపెనీలు 1910, 1920 దశకాల్లో సొంత శిక్షణ బడులు, ఏటేటా జీతం పెంపు, రిటైర్మెంటు బోనస్ ప్రవేశపెట్టాయి. కనెగఫుచి స్పిన్నింగు కంపెనీని నడిపిన ముతో సాంజి కంపెనీని ఒక కుటుంబంగా చూడాలని ప్రచారం చేశాడు. కార్మికుల సలహాల పెట్టెను ఆయన అమెరికాలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీని చూసి, సంక్షేమ నిధిని జర్మనీలోని క్రుప్ కంపెనీని చూసి పెట్టాడు. తర్వాతి కాలంలో అచ్చమైన జపాన్ సంప్రదాయంగా పేరొందిన దానిలో విదేశీ సరుకు ఇంతగా ఉంది.

కర్మాగారాల చట్టం 1911లో వచ్చి 1916లో అమలయింది. స్త్రీల, పిల్లల పనిని అది రోజుకు 12 గంటలకు పరిమితం చేసింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ రోజుకు 8, వారానికి 48 గంటల తొలి ఒప్పందాన్ని చేసినప్పుడు రెండు ఆసియా దేశాలకు వేరే పరిమితులు రాసింది. జపాన్‌కు వారానికి 57 గంటలు (ముడి పట్టు పరిశ్రమకు 60), బ్రిటిష్ ఇండియాకు 60 గంటలు. ఇండియా ఆ ఒప్పందాన్ని 1921లోనే ఆమోదించింది. జపాన్ ఇప్పటికీ ఆమోదించలేదు.

యుద్ధం, సమ్మెలు

1938 నాటి జాతీయ సమీకరణ చట్టం కింద ప్రభుత్వం జీతాలను నియంత్రించింది, ఉద్యోగం మారడాన్ని కట్టడి చేసింది, యూనియన్ల స్థానంలో దేశభక్తి సంఘాలను నెలకొల్పింది. కార్మికుడు ఒకే కంపెనీకి కట్టుబడి ఉండడం దేశమంతటా నియమమైంది అప్పుడే. ఓటమి తర్వాత, 1945 చివర్లో, ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. బూడిదైన నగరాల్లో తిండి గింజలు దొరకని 1946లో విద్యుత్ కార్మికుల యూనియన్ ఒక జీతాల పద్ధతిని పోరాడి సాధించింది. పని విలువను కాక వయసునూ పోషించవలసిన కుటుంబాన్నీ బట్టి జీతంలో పెద్ద భాగం నిర్ణయమయ్యే పద్ధతి అది. సీనియారిటీ జీతానికి వెనుక ఉన్నది ఆకలి కడుపుల లెక్క. పెద్దలను గౌరవించే ఆచారం వల్లే అది పుట్టిందనడం ఆ కార్మికుల పోరాటాన్ని చిన్నబుచ్చడమే.

ఉద్యోగ భద్రత కూడా ఇలాగే వచ్చింది. 1950లో టొయోటా ఉద్యోగులను తొలగించబోతే పెద్ద సమ్మె జరిగి, అధ్యక్షుడు కీచిరో టొయోదా పదవి వదులుకోవలసి వచ్చింది. 1959లో క్యూషూ దీవిలోని మిత్సుయి వారి మీకే బొగ్గు గనుల్లో 1,200 మందికి పైగా పేర్లు చూసి తీసేయాలని కంపెనీ నిర్ణయించింది. 1960లో గనికి తాళం వేసింది. నెలల తరబడి నడిచిన సమ్మెలో ఒక కార్మికుడు కత్తిపోటుకు చనిపోయాడు. యూనియన్ ఓడింది. గెలిచిన యాజమాన్యాలకు కూడా ఆ పోరాటం ఎంత ఖరీదైందో అర్థమైంది. అప్పటి నుంచి పెద్ద కంపెనీలు పర్మినెంట్ ఉద్యోగులను నేరుగా తీసేయడానికి వెనకాడాయి. అమెరికన్ పరిశోధకుడు జేమ్స్ అబెగ్లెన్ 1958లో జపాన్ కర్మాగారంపై రాసిన పుస్తకం జీవితకాల ఉద్యోగమనే భావనను ప్రపంచానికి పరిచయం చేసేనాటికి ఆ పద్ధతి ఇంకా పూర్తిగా స్థిరపడనే లేదు.

కోర్టులు ఇచ్చినవి, తీసుకున్నవి

జపాన్‌ను ఇతర దేశాల నుంచి వేరుచేసేది కోర్టు తీర్పుల ఘట్టమే. 1975లో సుప్రీంకోర్టు ఒక ఉప్పు తయారీ కంపెనీ కేసులో, సమాజం ఒప్పుకోదగిన కారణం లేని తొలగింపు చెల్లదని తీర్పిచ్చింది. 2007లో చేసిన లేబర్ కాంట్రాక్టు చట్టంలోని 16వ సెక్షన్ ఆ సూత్రాన్నే చెబుతుంది.

అదే న్యాయస్థానం మరో చేత్తో కంపెనీకి విస్తారమైన అధికారం ఇచ్చింది. ఒసాకా ప్రాంతంలో తల్లి, భార్య, పసిబిడ్డతో ఉంటున్న ఒక పెయింట్ కంపెనీ ఉద్యోగి నగోయా బదిలీని కాదన్నందుకు కంపెనీ అతన్ని తీసేస్తే, ఆ బదిలీ ఉత్తర్వు సరైనదేనని 1986లో తేల్చింది. 1967లో ఒక సాయంత్రం ఓవర్‌టైమ్‌కు నిరాకరించిన హితాచి కార్మికుడి తొలగింపును 1991లో సమర్థించింది. ఈ రెండు రకాల తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదివితే లెక్క తేటపడుతుంది. మందగమనంలో ఉద్యోగులను తీసేయకూడదంటే, గిరాకీ ఉన్నప్పుడు అదే మనుషులు ఎక్కువసేపు పనిచేయాలి, ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాలి. భార్యాపిల్లలను సొంత ఊళ్ళో వదిలి ఏళ్ళ తరబడి ఒంటరిగా బదిలీలో గడిపే ఉద్యోగులు అందుకే లక్షల్లో ఉన్నారు.

కార్మిక విధానాల పరిశోధకుడు హమగుచి కేయిచిరో 2009లో ఈ తేడాను స్పష్టంగా సూత్రీకరించాడు. ఐరోపా, అమెరికాల్లో మనిషిని ఒక నిర్దిష్టమైన పనికి తీసుకుంటారు. ఆ పని పోతే ఉద్యోగం పోతుంది. జపాన్‌లో మనిషిని కంపెనీలో సభ్యుడిగా చేర్చుకుంటారు. ఏ పని, ఏ ఊరు, ఎన్ని గంటలన్నవి ఒప్పందంలో దాదాపు ఖాళీగా ఉంటాయి. ఉద్యోగ భద్రతా, అంతులేని పనీ ఆ ఖాళీలోంచే పుట్టాయి.

విదేశాల్లో

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో యజమాని కారణం చెప్పకుండానే ఉద్యోగిని తీసేయవచ్చు. ప్రైవేటు ఉద్యోగులకు జీతంతో కూడిన వార్షిక సెలవు ఇవ్వాలనే ఫెడరల్ చట్టం అక్కడ లేదు. 1938 నాటి చట్టం వారానికి 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వమంటుంది, అంతే. గంటలకు పరిమితి పెట్టదు. జర్మనీలో యూనియన్లు కంపెనీకొకటి కాక పరిశ్రమకొకటి. 1976 చట్టం ప్రకారం 2,000 మందికి పైగా ఉన్న కంపెనీల పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు ఉద్యోగుల ప్రతినిధులవి. లోహ పరిశ్రమ కార్మికులు 1984లో సమ్మె చేసి మెట్లమెట్లుగా 35 గంటల వారాన్ని సాధించుకున్నారు. ఫ్రాన్స్‌లో 1982 నుంచి ఐదు వారాల సెలవు హక్కుగా ఉంది. జపాన్‌లో ఆరు నెలల సర్వీసుకు 10 రోజులు, ఆరున్నరేళ్ళకు గరిష్ఠంగా 20 రోజుల సెలవు వస్తుంది. దాన్ని పూర్తిగా వాడుకునేవాళ్ళు తక్కువ, ఎందుకంటే ఒకరు సెలవు పెడితే ఆ పని పక్కవాళ్ళ మీద పడుతుంది. ఎవరి పని ఎంతో రాసి లేని చోట ఇది సహజం.

ఓఈసీడీ లెక్కల్లో 2022లో ఒక్కో కార్మికుడి వార్షిక సగటు పని గంటలు అమెరికాలో 1,811, జపాన్‌లో 1,607, జర్మనీలో 1,341. జపాన్ అంకె 1980లో 2,100 దాటి ఉండేది. ఈ తగ్గుదల చూసి సంతోషించే ముందు ఒకటి గమనించాలి. సగటును కిందికి లాగినవాళ్ళలో చాలామంది పార్ట్‌టైమ్ వాళ్ళు. పూర్తికాలపు ఉద్యోగుల గంటలు 2010 దశకంలోనూ 2,000 దగ్గరే ఉన్నాయి.

జపాన్ పద్ధతులు బయటికి వెళ్ళిన కథ కూడా చెప్పుకోదగ్గది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన ఫ్యాక్టరీని టొయోటా భాగస్వామ్యంతో 1984లో నమ్మీ పేరుతో తెరిచారు. గైర్హాజరుకూ గొడవలకూ పేరుమోసిన పాత కార్మికుల్లో ఎక్కువమందినే తిరిగి తీసుకున్నారు. లోపం కనబడగానే తాడు లాగి లైన్ ఆపే అధికారం ప్రతి కార్మికుడికీ ఇచ్చారు. నాణ్యత బాగా పెరిగింది. మన దేశంలో 1983 చివర్లో గుర్గావ్‌లో మొదలైన మారుతీ ఫ్యాక్టరీ జపాన్ పద్ధతిలో అధికారికీ కార్మికుడికీ ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీన్ పెట్టింది. ఆనాటి భారతీయ పరిశ్రమలో అది పెద్ద మార్పు. అయితే 2012లో మానేసర్ ప్లాంటులో ఒక మేనేజర్ ప్రాణం తీసిన హింస వెనుక, తక్కువ జీతాలకు పనిచేసే కాంట్రాక్టు కార్మికుల అసంతృప్తి ఏళ్ళుగా పేరుకుని ఉంది. నిరంతరం మెరుగుపరచుకునే కైజెన్, పనిచోటును పొందికగా ఉంచే 5ఎస్ లాంటి పని పద్ధతులు సరిహద్దులు దాటాయి. వాటికి ప్రతిఫలంగా జపాన్ కార్మికుడు పొందిన ఉద్యోగ హామీ అంత సులభంగా దాటలేదు. ఇసుజు 2016లో ప్లాంటు తెరిచిన శ్రీసిటీలోనూ, జపాన్ కంపెనీలు వచ్చిన ఇతర చోట్లా అడగవలసిన ప్రశ్న, ఆ హామీ కూడా వచ్చిందా అన్నదే.

కరోషి

1969లో ఒక వార్తాపత్రిక కంపెనీలో 29 ఏళ్ళ ఉద్యోగి మెదడు పోటుతో చనిపోయాడు. పని భారం వల్ల మరణాల చరిత్రలో మొదటి కేసుగా దీన్ని చెబుతారు. 1982లో ఉయెహతా తెత్సునోజో, మరో ఇద్దరు వైద్యులు కలిసి రాసిన పుస్తకంతో ఇలాంటి మరణాలకు కరోషి అనే పేరు స్థిరపడింది. 1988లో లాయర్లు టెలిఫోన్ సహాయ కేంద్రం ప్రారంభిస్తే, ఫోన్ చేసినవాళ్ళలో చనిపోయినవారి భార్యలు ఎందరో. 1991లో దెంత్సు ప్రకటనల సంస్థ యువ ఉద్యోగి ఒకరు ఆత్మహత్య చేసుకోగా, అందుకు కంపెనీదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. అదే సంస్థలో 2015లో 24 ఏళ్ళ ఉద్యోగిని అలాగే చనిపోయింది. 2017లో కోర్టు వేసిన జరిమానా 5 లక్షల యెన్‌లు. ఒక ప్రాణానికి వ్యవస్థ కట్టిన ఆ వెల సిగ్గుచేటు.

ఇన్నేళ్ళూ చట్టం ఏం చేసింది? 1947 నాటి కార్మిక ప్రమాణాల చట్టం రోజుకు 8 గంటలని చెప్పింది. కానీ 36వ సెక్షన్ ప్రకారం ఉద్యోగుల ప్రతినిధులు సంతకం చేస్తే ఓవర్‌టైమ్ చేయించవచ్చు. దానికి శిక్షతో కూడిన గరిష్ఠ పరిమితి 2019 దాకా లేదు. కంపెనీ యూనియన్ కంపెనీతో తగాదా పడడం అరుదు.

గోడకు అవతల

జీవితకాల ఉద్యోగం ఎన్నడూ అందరిదీ కాదు. పెద్ద కంపెనీల్లోని పర్మినెంట్ మగవాళ్ళదే. పెళ్ళి కాగానే ఆడవాళ్ళు మానేయాలన్నది దశాబ్దాల పాటు అలిఖిత నియమం. 1985లో సమానావకాశాల చట్టం వచ్చాక కంపెనీలు ఎదుగుదల, బదిలీలు ఉన్న మార్గం ఒకటి, గుమాస్తా మార్గం ఒకటి పెట్టి ఆడవాళ్ళను ఎక్కువగా రెండో దానిలోకి తోశాయి. 1990ల్లో ఆర్థిక బుడగ పగిలాక, లోపలివారిని కాపాడడానికి కొత్తవారి తలుపులు మూశారు. ఏప్రిల్ నియామకం తప్పిపోయిన ఒక తరం ఆ తర్వాత పర్మినెంట్ ఉద్యోగంలోకి రాలేకపోయింది. 1980ల మధ్యలో ఆరుగురిలో ఒకరుగా ఉన్న తాత్కాలిక, పార్ట్‌టైమ్, ఏజెన్సీ ఉద్యోగులు ఇప్పుడు ముగ్గురిలో ఒకరికి మించి ఉన్నారు. 2008 చివర్లో ఏజెన్సీల ద్వారా పనిచేసి ఉద్యోగమూ కంపెనీ గదీ పోగొట్టుకున్న వందలాది మంది టోక్యో హిబియా పార్కులో స్వచ్ఛంద కార్యకర్తలు వేసిన గుడారాల్లో కొత్త సంవత్సరం గడిపారు.

సంస్కరణలు

2018 చట్టం ఓవర్‌టైమ్‌కు నెలకు 45, ఏడాదికి 360 గంటల హద్దు పెట్టింది. ప్రత్యేక పరిస్థితుల్లో నెలకు 100 లోపు, ఏడాదికి 720 దాకా ఒప్పుకుంది. నెలకు 100 గంటలంటే ప్రభుత్వమే కరోషిగా గుర్తించడానికి పెట్టుకున్న గీత. అందుకే మృతుల కుటుంబాలు దాన్ని వ్యతిరేకించాయి. వాళ్ళ అభ్యంతరం న్యాయమైనది. పరిమితి పెద్ద కంపెనీలకు 2019లో, చిన్నవాటికి 2020లో అమలయింది. 2024లో లారీ డ్రైవర్లకూ వర్తించింది, కాకపోతే ఏడాదికి 960 గంటల దాకా. పిల్లల కోసం సెలవు తీసుకున్న తండ్రులు 2012లో వందకు ఇద్దరైనా లేరు. 2023 ఆర్థిక సంవత్సరానికి 30 శాతం దాటారు.

2019లో నైపుణ్యం ఉన్న విదేశీ కార్మికులకు జపాన్ కొత్త వీసా తెచ్చింది. 2021లో భారత్‌తో దానిపై అవగాహన కుదుర్చుకుంది. తెలుగు నేల నుంచి వెళ్ళే యువతకు ఉపయోగపడే మార్పు మరొకటి 2024 ఏప్రిల్‌లో వచ్చింది. మున్ముందు ఏ పనికి మార్చవచ్చో, ఏ ఊరికి పంపవచ్చో యజమాని ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే రాసి ఇవ్వాలి. జపాన్‌లో ఉద్యోగం వచ్చినవారు సంతకం పెట్టకముందే ఆ కాగితం అడిగి తీసుకోవాలి. జీతంలోనే ఎన్ని గంటల ఓవర్‌టైమ్ కలిపేశారో అందులో వెతికి చూడాలి.