ఆదివారం పనికి రామన్నవాళ్ళు

మతం ప్రస్తావన వస్తే నా స్నేహితుల్లో చాలామంది అనే మాట ఒకటే: "నియమాలదేముంది, మనసు శుభ్రంగా ఉండాలి." నేనూ అదే అనేవాణ్ణి. ఒంగోలు బాప్టిస్టుల చరిత్ర చదివాక ఆ మాట అంత తేలిగ్గా నోటికి రావడం లేదు.

1866లో అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. అక్కడి తొలి విశ్వాసుల్లో యర్రగుంట్ల పేరయ్య ఒకడు. తోలుపని చేసే మాదిగ కుటుంబం. క్రైస్తవం వినకముందే అతను రాజయోగం సాధన చేసినవాడు. క్లౌ రెండో భార్య ఎమ్మా రాసి 1899లో అచ్చేసిన 'వైల్ సూయింగ్ శాండల్స్'లో మాదిగ గురువుల గురించీ, వాళ్ళ యోగసాధన గురించీ చాలా ఉంది. అంటే లోపలి శుద్ధి కోసం వెతకడం వాళ్ళకి మిషనరీలు నేర్పింది కాదు. కొత్తగా వచ్చినవి బయటి నియమాలే. ముఖ్యంగా మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు.

చూడ్డానికి ఇది పొడి జాబితా. కానీ చచ్చిన గొడ్డును లాక్కెళ్ళడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిస్తే వెట్టికి పోవడం ఊరు మాదిగలకు అంటగట్టిన పనులు. వాటి మధ్య ఈ మూడింటినీ పెట్టి చూడండి. కోతల రోజుల్లో ఒక మనిషి "ఇవాళ ఆదివారం, రాను" అన్నాడంటే అది భక్తి మాత్రమే కాదు. మనసులో ఎంత శుద్ధి ఉన్నా ఊరికి పట్టదు. పనికి రాకపోతే పడుతుంది. అందుకే కక్ష కట్టారు, వేధించారు.

ఇక్కడ నాకో చిక్కు ఉంది. నోట్లోకి పోయేది మనిషిని అపవిత్రం చెయ్యదని చెప్పింది ఏసే కదా. మరి తిండి మీద నియమం ఎందుకు? అది ఊరు విసిరేసిన వాటా కాబట్టి వద్దనుకున్నారని నా చదువు. కానీ అదే నియమం, ఆ తిండి తినేవాణ్ణి తక్కువగా చూసే ఊరి చూపును కూడా కొంత ఒప్పుకుంటుంది. రెండూ నిజమే.

తర్వాత 1876-78 కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం అడిగితే మాత్రం ఇవ్వలేదు. విశ్వాసంతో వచ్చారో గింజల కోసం వచ్చారో తెలియదని ఆపాడు. సాయం ముగిశాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు.

క్లౌ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. కానీ మనసు చూసే సాధనం ఆయన దగ్గరా లేదు. ఆగి చూడటమే చెయ్యగలిగాడు. పైగా ఈ పరీక్ష ఎప్పుడూ ఆకలిగా ఉన్నవాడికే. మడి కట్టుకున్న కరణాన్ని నీ లోపల ఏముందని ఎవరడిగారు?

నియమాలు బిగుసుకుపోయి పెత్తనంగా మారడం నేనూ చూశాను, దాన్ని సమర్థించను. అయితే "మనసు చాలు" అనగలగడానికి ముందు ఒక రోజైనా మన చేతిలో ఉండాలి. నా ఆదివారం నాకు క్యాలెండర్లో ఎర్రగా అచ్చయి వచ్చింది. పేరయ్య వాళ్ళు దాన్ని ఊరితో గొడవపడి తెచ్చుకున్నారు.