విండోస్ సర్వర్ 2025: రీస్టార్ట్ లేకుండానే అప్‌డేట్.. కానీ ఫ్రీ కాదు! కొత్త ఫీచర్స్ ఇవే

'సర్వర్ డౌన్ సార్, రేపు రండి'.. ఈ మాట వినని వాళ్లు ఉండరు. దీని వెనుక చాలా కారణాలుంటాయి. అందులో ఒకటి, సెక్యూరిటీ అప్‌డేట్ వేసిన ప్రతిసారీ సర్వర్‌ను రీస్టార్ట్ చేయాల్సి రావడం. 2024 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ రిలీజ్ చేసిన విండోస్ సర్వర్ 2025లో ఎక్కువ చర్చ నడిచింది ఈ పాయింట్ మీదే.

హాట్‌ప్యాచ్ అంటే ఏంటి?

మామూలుగా అప్‌డేట్ వస్తే ఫైళ్లు మారతాయి, సిస్టమ్ రీస్టార్ట్ అయితేనే అవి పనిచేస్తాయి. హాట్‌ప్యాచ్‌లో అలా కాదు. మెమరీలో రన్ అవుతున్న కోడ్‌నే అక్కడికక్కడ సరిచేస్తారు. బస్సు ఆపకుండానే రిపేర్ చేసినట్టు! అయితే రీస్టార్ట్ పూర్తిగా తప్పుతుందనుకుంటే పొరపాటే. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల్లో మాత్రం చేయాల్సిందే. అంటే ఏడాదికి 12 సార్లు చేసేది 4కు తగ్గుతుంది. డ్రైవర్లు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్స్‌కు ఇది వర్తించదు.

ఇక అసలు మెలిక ఇక్కడే ఉంది. సొంత ఆఫీసులో పెట్టుకున్న సర్వర్‌కు ఈ సదుపాయం కావాలంటే దాన్ని అజూర్ ఆర్క్‌కు కనెక్ట్ చేయాలి. 2025 జూలై 1 నుంచి ఒక్కో కోర్‌కు నెలకు 1.50 డాలర్ల చొప్పున చార్జీ మొదలైంది. 16 కోర్ల సర్వర్ అయితే నెలకు 24 డాలర్లు, ఏడాదికి 288. పెద్ద కంపెనీకి ఇదో లెక్క కాదు. నాలుగు సర్వర్లు నడిపే చిన్న ఆస్పత్రో, కాలేజీయో మాత్రం రాత్రి పూట రీస్టార్ట్ చేసుకుంటేనే బెటర్ అనుకోవచ్చు.

ఇంకేం మారాయి?

ఎన్‌వీఎంఈ డిస్కుల స్పీడ్ పెరిగింది. అదే హార్డ్‌వేర్ మీద సర్వర్ 2022తో పోలిస్తే 60 శాతం వరకు ఎక్కువ ఐఓపీఎస్ వస్తుందని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. హైపర్-విలో ఒక్క వర్చువల్ మెషీన్‌కే 2048 వర్చువల్ ప్రాసెసర్లు, 240 టీబీ ర్యామ్ వరకు ఇవ్వొచ్చు. అంత ఎవరికి కావాలో వాళ్లకే తెలియాలి! వీపీఎన్ లేకుండానే ఇంటి నుంచి ఆఫీస్ ఫైళ్లను సేఫ్‌గా తెరిచే 'ఎస్‌ఎంబీ ఓవర్ క్విక్' ఇంతకుముందు అజూర్ ఎడిషన్‌కే ఉండేది. ఇప్పుడు స్టాండర్డ్, డేటాసెంటర్ ఎడిషన్లకూ వచ్చింది. పాత ఎన్‌టీఎల్‌ఎం వెర్షన్ 1ను తీసేశారు. దాని మీద ఆధారపడిన పాత ప్రింటర్, స్కానర్ సెటప్‌లు ఉంటే ముందే చూసుకోవాలి.

సెక్యూరిటీ కోసం తెచ్చిన ఫీచరే తలనొప్పి కూడా అయింది. సర్వీస్ అకౌంట్ల పాస్‌వర్డ్ గొడవ తప్పించేందుకు యాక్టివ్ డైరెక్టరీలో 'డీఎంఎస్ఏ' అనే కొత్త రకం అకౌంట్లు ఇచ్చారు. వాటి ద్వారానే ఓ మామూలు యూజర్ మొత్తం డొమైన్‌ను గుప్పిట్లోకి తెచ్చుకునే దారి ఉందని అకమై పరిశోధకులు 2025 మేలో బయటపెట్టారు. దాని పేరు 'బ్యాడ్‌సక్సెసర్'. ఆగస్టులో ప్యాచ్ వచ్చింది. కాబట్టి అప్‌డేట్స్ లేని సర్వర్ 2025ను డొమైన్ కంట్రోలర్‌గా పెట్టడం రిస్కే.

చెప్పకుండా అప్‌గ్రేడ్!

రిలీజైన కొత్తలోనే ఇంకో షాక్. కొన్ని చోట్ల సర్వర్ 2019, 2022 మెషీన్లు తెల్లారేసరికి 2025కు మారిపోయి కనిపించాయి. అప్‌డేట్స్ కోసం థర్డ్ పార్టీ టూల్స్ వాడిన చోట ఇలా జరిగిందని మైక్రోసాఫ్ట్ తెలిపింది. కొత్త వెర్షన్‌కు లైసెన్స్ వేరే కాబట్టి, బ్యాకప్ లేని అడ్మిన్లు ఇరుక్కుపోయారు.

ఎవరు తొందరపడాలి?

సర్వర్ 2012 ఆర్2 వాళ్లు. దానికి డబ్బు కట్టి తీసుకునే సెక్యూరిటీ అప్‌డేట్స్ కూడా 2026 అక్టోబర్ 13 వరకే. సర్వర్ 2016 సపోర్ట్ గడువు 2027 జనవరి 12. ఈ రెండింటి నుంచీ నేరుగా 2025కు అప్‌గ్రేడ్ అవ్వొచ్చు, మధ్యలో ఇంకో వెర్షన్ వేయక్కర్లేదు. ముందు ఫుల్ బ్యాకప్ తీసి, 180 రోజుల ట్రయల్ కాపీని వేరే మెషీన్‌లో వేసి, ఆఫీసులో వాడే సాఫ్ట్‌వేర్ దాని మీద నడుస్తుందో లేదో చూసుకోవాలి.