నియంత్రక టి కణాలు, కణితులు
నియంత్రక టి కణాలు రోగనిరోధక వ్యవస్థ సొంత కణజాలంపై దాడి చేయకుండా అదుపుచేసే తెల్ల రక్తకణాలు; ఈ అదుపే క్యాన్సర్ కణితులకు రక్షణ కవచమవుతుంది. జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో వీటిని సీడీ25 ప్రోటీన్ ఆధారంగా గుర్తించారు. వీటి వికాసాన్ని ఫాక్స్‌పీ3 జన్యువు నడిపిస్తుందని 2003లో తేలింది. కణితి కణాలు, అక్కడి మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు సీసీఎల్22 అనే రసాయన సంకేతంతో వీటిని రప్పించుకుంటాయి. అలా చేరిన నియంత్రక కణాలు టి కణాల వృద్ధికి కావలసిన ఇంటర్‌ల్యూకిన్-2ను గ్రహించి, దాడిచేసే టి కణాలకు అందకుండా చేస్తాయి. సీటీఎల్ఏ-4 ప్రోటీన్‌తో, టి కణాలను ఉత్తేజపరిచే డెండ్రైటిక్ కణాల మీది ప్రేరక అణువులను తొలగిస్తాయి. టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్‌ను స్రవించి దాడిని మరింత మందగింపజేస్తాయి. అండాశయ క్యాన్సర్‌లో ఇవి ఎక్కువగా చేరిన రోగుల జీవితకాలం తగ్గుతున్నట్లు 2004లో వెల్లడైంది. పెద్దపేగు క్యాన్సర్‌లో ఫలితాలు ఏకరీతిగా లేవు. శరీరమంతటా వీటిని నిర్మూలిస్తే స్వయం ప్రతిరక్షక వ్యాధులు తలెత్తుతాయి. వీటిని లక్ష్యంగా చేసుకునే క్యాన్సర్ చికిత్సకు అసలు అడ్డంకి ఇదే. ఈ కణాలను గుర్తించిన సకగుచికి, ఫాక్స్‌పీ3 జన్యువును కనుగొన్న మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు కలిపి 2025లో వైద్యశాస్త్ర నోబెల్ లభించింది.