సంజ్ఞాభేదము – సంకరసంతతి

పాణిని ఆ, ఐ, ఔ లకు వృద్ధియని సంజ్ఞ చేసెను. దానిచే నా వర్ణములకు గలిగిన వికారమేమియు లేదు. మనుష్యుల విషయమున నట్లు గాదు.

హైదరాబాదున రెసిడెంటుగా నుండి కోఠీ భవనమును గట్టించిన జేమ్సు అకిలీసు కర్క్‌పాట్రిక్కునకును ఖైరున్నీసా బేగమునకును ఇరువురు బిడ్డలు. 1801 లో బుట్టిన కుమారునకు గులాం అలీ సాహెబు ఆలం అనియు, మరుసటియేట బుట్టిన కూతునకు నూరున్నీసా సాహెబు బేగం అనియు పేరులు. 1805 లో తండ్రి వారిని మదరాసున నోడ యెక్కించి యింగ్లండునకు బంపి, ఆ యక్టోబరులోనే కలకత్తాలో మృతినొందెను. 1806 లో లండనున వారికి జ్ఞానస్నానమైనది. ఆలం విలియం జార్జి యయ్యెను. నూరున్నీసా కేథరిన్ అరోరా యయ్యెను. పేరుతోడనే మతము, భాష, బంధువర్గము సమస్తమును మాఱినవి. తల్లి 1813 లో గతించెను. బిడ్డలను మరల జూడలేదు. 1841 ప్రాంతమున కేథరినునకును, హైదరాబాదున నింకను జీవించియున్న మాతామహి షరఫున్నీసాకును ఉత్తరప్రత్యుత్తరములు నడచినవి. ఒకరివి యాంగ్లమున, ఒకరివి పారసీకమున, నడుమ ననువాదకులు!

తండ్రికి వాత్సల్యము లేకపోయెననుట పొరపాటు. ఉభయ మాతాపితరులు ఐరోపీయులు గానివారికి కుంపిణీ కొలువు లేదని 1791 లో శాసనమైనది. 1795 లో సైన్యమున వారికి మిగిలినవి పిల్లనగ్రోవి, డప్పు, లాడములు కొట్టుపని. రెసిడెంటు కొడుకైనను డప్పే గతి!

ఈ శాసనమునకు లోనైన యువకులలో జేమ్సు స్కిన్నరు (1778–1841) ప్రసిద్ధుడు. తండ్రి స్కాట్లండువాడు, తల్లి రాజపుత్రస్త్రీ. కుంపిణీలో జేరుటకు వీలులేక సింధియా సేనలో జేరెను. 1803 లో యుద్ధము రాగా, ఆంగ్లసంబంధము గలవాడని యక్కడను తొలగింపబడెను. తల్లివలన నొకచోట, తండ్రివలన నింకొకచోట! పిమ్మట కుంపిణీయే యాతనిచే నాశ్వికదళమును గూర్పించుకొనినది. ఏ కులమునందును జేరని యితడే 1825 లో హిందూదేశపు కులములను వర్ణించు పారసీకగ్రంథమును రచించుట విచారణీయము.

మన స్మృతికారులు సంకరజాతులకు వేర్వేరు నామములిడి, తక్కువదియే యైనను, ఒక్కొక స్థానము జూపిరి. కుంపిణీవారు చేసినది నిషేధమే. నామమేర్పడుటకు శతాబ్దమునకు బైగా బట్టినది. యురేషియను, ఈస్టిండియను, ఇండోబ్రిటను అను పేరులు నడచి, 1911 జనాభా లెక్కలలో ఆంగ్లో ఇండియను అనునది యధికారికముగ నిలిచినది. 1950 లో నమలునకు వచ్చిన భారతరాజ్యాంగము 366 వ యధికరణమున నీ సంజ్ఞకు లక్షణము చెప్పుచు, పితృవంశపు పురుషులలో నైరోపీయుడుండుటను ప్రమాణముగ గ్రహించినది. మాతృవంశప్రసక్తి యా లక్షణమున లేదు.